ఒక ముద్ర, మూడు ప్రశ్నలు: విదేశాలకు వెళ్లే కాగితాల ధ్రువీకరణపై సమీక్ష

విశాఖపట్నానికీ శ్రీకాకుళానికీ నడుమ, 16వ నంబరు జాతీయ రహదారి మీదున్న భోగాపురం మండలంలో కాగితాలు రెండు వైపులా ప్రయాణిస్తుంటాయి. టెన్త్ మార్కుల లిస్టు, డిగ్రీ పట్టా, జనన ధ్రువపత్రం, పెళ్లి రిజిస్ట్రేషన్ పత్రం, పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ ఇక్కడి నుంచి దుబాయికీ, దమ్మామ్‌కూ, మనీలాకూ, టొరంటోకూ వెళతాయి. భోగాపురం విమానాశ్రయానికి 2019 ఫిబ్రవరిలో ఒకసారి, 2023 మే 3న మరోసారి శంకుస్థాపన జరిగింది. ఆ చుట్టుపక్కల భూముల అమ్మకాలకూ పంపకాలకూ విదేశాల్లో స్థిరపడిన వారసులు రాసిచ్చే జీపీఏలు (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ అనే అధికారపత్రాలు) ఎదురు దిశలో వస్తాయి.

రెండు దిశల్లోనూ అడ్డుపడే ప్రశ్న ఒకటే: ఒక ప్రభుత్వం ఇచ్చిన కాగితాన్ని ఇంకో ప్రభుత్వం ఏ నమ్మకంతో తీసుకోవాలి? దీనికి ఏజెంటు ఒక జవాబు చెబుతాడు, సచివాలయం గుమాస్తా ఇంకొకటి చెబుతాడు, విదేశీ కంపెనీ హెచ్‌ఆర్ విభాగం మూడోది అడుగుతుంది. అపోస్టిల్ చాలునని ఒకరంటే, ఎంబసీ ముద్ర లేనిదే పని జరగదని మరొకరంటారు. ఇక ముద్రలతో పనేముంది, క్యూఆర్ కోడ్ చూస్తే సరిపోతుందని వాదించే వాళ్లూ ఉన్నారు.

చిక్కు ముడి పడింది ఒక చోటే. ఒక కాగితం గురించి అడగవలసిన ప్రశ్నలు మూడు. ఇది నిజంగా ఆ కార్యాలయం నుంచే వచ్చిందా? ఇందులో రాసింది నిజమా? దీన్ని చూపుతున్న మనిషి, ఇందులో ఉన్న మనిషి ఒకరేనా? ముద్రలు వేసే వ్యవస్థలు ఎక్కువగా మొదటిదానికే జవాబిస్తాయి. చూసేవాళ్లు మాత్రం మూడింటికీ జవాబు దొరికిందనుకుంటారు. ఈ తేడాను గుర్తుపెట్టుకుని చూస్తే వాదాలు చాలావరకు విడివిడిగా అర్థమవుతాయి.

కాగితం లేని ప్రయాణం నుంచి కాగితాల కట్ట దాకా

ఉత్తరాంధ్రకు వలస కొత్త కాదు. 1860 నుంచి నాటాల్‌కు వెళ్లిన ఒప్పంద కూలీల్లో విశాఖపట్నం జిల్లా వాళ్లూ ఉన్నారు. వాళ్ల చేతికి ఇచ్చిన వలస పాసులో పేరు, తండ్రి పేరు, ఊరు, కులం, ఒంటిమీది గుర్తులు రాసేవారు. మనిషినీ కాగితాన్నీ జతచేయడానికి ఆనాడు దొరికిన మార్గం పుట్టుమచ్చలే.

బర్మా వలస కథ వేరు. బారువ, కళింగపట్నం, భీమునిపట్నం, విశాఖపట్నం రేవుల నుంచి స్టీమర్ ఎక్కి రంగూన్‌లో దిగిన కూలీ పరదేశం వెళ్లినట్టు లెక్క కాదు. బర్మా అప్పుడు బ్రిటిష్ ఇండియాలో ఒక రాష్ట్రం. 1937 ఏప్రిల్ 1న అది విడిపోవడంతో అదే దారి విదేశీ ప్రయాణమైంది. 1942లో జపాన్ దాడితో, మళ్లీ 1964 తరువాత అక్కడి ప్రభుత్వ విధానాలతో తిరిగొచ్చిన కుటుంబాలకు తాము ఎవరో, ఎక్కడి వాళ్లో చూపించుకోవలసిన అవసరం ఎదురైంది.

ప్రస్తుత దశ గల్ఫ్‌తో మొదలైంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలోని కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం ప్రాంతాల నుంచి వెల్డర్లు, పైప్ ఫిట్టర్లు, రిగ్గర్లుగా వెళ్లే వాళ్లకు 1983 నాటి వలసల చట్టం వర్తించింది. టెన్త్ పాసైన వాళ్లకు ఇమిగ్రేషన్ తనిఖీ నుంచి మినహాయింపు ఉండడంతో పదో తరగతి సర్టిఫికెట్టుకు చదువును మించిన విలువ వచ్చింది. ఆ తరువాతి తరంలో ఇంజనీరింగ్ విద్యార్థులు, నర్సులు, ఫిలిప్పీన్స్, జార్జియా, కిర్గిజ్‌స్తాన్‌లకు వైద్యవిద్య కోసం వెళ్లే వాళ్లు చేరారు. ఒకే ఊరి నుంచి వెళ్లే నలుగురికి నాలుగు రకాల నిబంధనలు వర్తించే స్థితి అలా ఏర్పడింది.

గొలుసు పద్ధతి ఎలా నడుస్తుంది

పాత పద్ధతిలో ఒక్కో అధికారి తన కింది అధికారి సంతకాన్ని గుర్తుపట్టి ముద్ర వేస్తాడు. కాగితం చాలా సందర్భాల్లో నోటరీ దగ్గర మొదలవుతుంది. జనన, వివాహ పత్రాల వంటి వ్యక్తిగత కాగితాలైతే రాష్ట్ర హోం శాఖకో సాధారణ పరిపాలన శాఖకో వెళతాయి. చదువు పత్రాలు రాష్ట్ర విద్యాశాఖ వైపు వెళతాయి. దీన్నే జనం 'హెచ్‌ఆర్‌డీ అటెస్టేషన్' అంటారు. వాణిజ్య పత్రాలకు చాంబర్ ఆఫ్ కామర్స్ ఉంది. ఆ పైన కేంద్ర విదేశాంగ శాఖ, ఆపైన వెళ్లవలసిన దేశపు ఎంబసీ, చివరికి ఆ దేశంలో దిగాక అక్కడి విదేశాంగ శాఖ ముద్ర.

పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ వంటివి ఈ మెట్లన్నీ ఎక్కనక్కర్లేదు. దాన్ని ఇచ్చేది పాస్‌పోర్టు కార్యాలయం, అంటే విదేశాంగ శాఖే. ఉత్తరాంధ్ర వాళ్లకది విశాఖపట్నం ప్రాంతీయ కార్యాలయం పరిధిలోకి వస్తుంది. రాష్ట్ర శాఖల గుర్తింపుతో దానికి పని లేదు.

ఈ గొలుసులో ప్రతి లంకె దాని ముందున్న లంకెను మాత్రమే చూస్తుంది. ఎంబసీకి విదేశాంగ శాఖ అధికారి సంతకం తెలుసు, విదేశాంగ శాఖకు రాష్ట్ర అధికారి సంతకం తెలుసు. డిగ్రీ ఇచ్చిన విశ్వవిద్యాలయం రిజిస్ట్రారును పై మెట్ల మీద ఎవరూ అడగరు. కాగితంలోని విషయానికి తన బాధ్యత లేదని విదేశాంగ శాఖ తన ధ్రువీకరణలోనే స్పష్టం చేస్తుంది.

హేగ్ ఒప్పందం మార్చినది

ఈ గొలుసును కుదించడానికి 1961 అక్టోబర్ 5న హేగ్‌లో ఒక ఒప్పందం కుదిరింది. 1965 జనవరి 24న అమల్లోకి వచ్చింది. సభ్యదేశం నియమించిన అధికారి ఒక్క ధ్రువీకరణ ఇస్తే మిగతా సభ్యదేశాలు ఎంబసీ ముద్ర అడగకూడదన్నది దాని సారం. ఆ ధ్రువీకరణే అపోస్టిల్. కనీసం 9 సెంటీమీటర్ల చదరం, ఫ్రెంచి శీర్షిక, పది అంశాలు. ఏ దేశం, ఎవరు సంతకం చేశారు, ఏ హోదాలో, ఎవరి ముద్ర ఉంది, ఎక్కడ, ఎప్పుడు, ఎవరు ధ్రువీకరించారు, ఏ నంబరు, చివర ముద్ర, సంతకం. జారీ చేసిన ప్రతి అపోస్టిల్‌నూ రిజిస్టరులో ఎక్కించాలి. ఎవరైనా అడిగితే సరిచూసి చెప్పాలి.

సంతకం అసలైనదేనా, సంతకం చేసిన వ్యక్తికి ఆ హోదా ఉందా, ముద్ర ఆ కార్యాలయానిదేనా అన్నంతవరకే అపోస్టిల్ హామీ అని ఒప్పందం మూడో అధికరణమే చెబుతుంది. రాయబార కార్యాలయాలు స్వయంగా ఇచ్చే పత్రాలు, నేరుగా వాణిజ్య, కస్టమ్స్ వ్యవహారాలకు చెందిన పాలనా పత్రాలు దీని పరిధిలోకి రావు. అందుకే ఉద్యోగి పట్టాకూ, తీరం నుంచి ఎగుమతయ్యే రొయ్యల కంటైనరు వెంట వెళ్లే పత్రాలకూ దారులు వేరు.

భారత్ 2004 అక్టోబరులో ఈ ఒప్పందంలో చేరింది. 2005 జూలై 14 నుంచి మనకు వర్తిస్తోంది. ప్రస్తుతం 120కి పైగా దేశాలు ఇందులో ఉన్నాయి. ఉత్తరాంధ్ర వలసలను దృష్టిలో పెట్టుకుని చూస్తే పటం ఇలా కనిపిస్తుంది. ఆరు గల్ఫ్ సహకార మండలి దేశాల్లో ఒమన్ 2012లో, బహ్రెయిన్ 2013 చివరిరోజున, సౌదీ అరేబియా 2022 డిసెంబర్ 7న అపోస్టిల్ కిందికి వచ్చాయి. యూఏఈ, కువైట్, ఖతార్ బయటే ఉన్నాయి. ఫిలిప్పీన్స్‌కు 2019లో, సింగపూర్‌కు 2021లో, కెనడాకు 2024 జనవరి 11న ఒప్పందం అమల్లోకి వచ్చింది. జర్మనీ సభ్యదేశమే అయినా భారత్ చేరికపై అభ్యంతరం తెలిపింది కాబట్టి ఆ రెండు దేశాల మధ్య ఒప్పందం పనిచేయదు.

ఏ దేశం ఎప్పుడు చేరిందో తెలియకపోవడమే సగం గందరగోళానికి కారణం. ఐదేళ్ల కిందట సౌదీ వెళ్లిన అన్నకు ఎంబసీ ముద్ర తప్పనిసరి, ఇప్పుడు వెళ్లే తమ్ముడికి అక్కర్లేదు. అన్న అనుభవమే సలహాగా ఊళ్లో చలామణీ అవుతుంది.

నాలుగు వాదాలు

*ఒకటి: గొలుసే భద్రం.* మెట్లు ఎక్కువైతే మోసగాడికి అడ్డంకులూ ఎక్కువ అన్నది ఈ వాదం. యూఏఈ, కువైట్, ఖతార్‌లది ఇప్పటికీ ఈ దారే. తమ గడ్డమీదికి వచ్చే కాగితంపై తమ అధికారి కన్ను పడాలని ఒక దేశం కోరుకోవడంలో తప్పేమీ లేదు. అయితే గొలుసు బలమంతా మొదటి లంకెలో ఉంది. చదువు పత్రాలను రాష్ట్ర విద్యాశాఖకు పంపకుండా ఢిల్లీలోని సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ సంతకంతో విదేశాంగ శాఖ ముందు పెట్టే దారి ఒకటి ఏజెంట్ల లోకంలో బాగా వాడుకలో ఉంది. ఆ దారిలో వచ్చిన పట్టా మీద పడే పై ముద్ర ధ్రువీకరించేది మేజిస్ట్రేట్ సంతకాన్ని. విశ్వవిద్యాలయంతో దానికి సంబంధం లేదు. అందుకే కొన్ని దేశాలు, సంస్థలు రాష్ట్ర విద్యాశాఖ ముద్రే కావాలంటాయి. 'ఎస్‌డీఎం చాలా, హెచ్‌ఆర్‌డీ కావాలా' అన్న వాదులాట పుట్టింది ఇక్కడే.

*రెండు: ఒక్క ముద్ర చాలు.* ఇది హేగ్ వాదం. సంతకం ఎవరిదో తేల్చడానికి ఒక అధికారి చాలు, తక్కినవన్నీ ఖర్చు, కాలయాపన అన్నది దీని తర్కం. భారత్‌లో అపోస్టిల్ ప్రభుత్వ రుసుము పత్రానికి 50 రూపాయలే. దీని మీద ప్రధాన విమర్శ దొంగ పట్టాల విషయంలో వస్తుంది. బోగస్ విద్యాసంస్థ పట్టా నకలును నోటరీ చేయించి, ఆ నోటరీ సంతకానికి అపోస్టిల్ తీసుకుంటే, నిబంధన ప్రకారం తప్పేమీ జరగదు. చూసేవాడికి మాత్రం పట్టాకే ప్రభుత్వం హామీ ఇచ్చినట్టుంటుంది. ఈ ఒప్పందాన్ని పర్యవేక్షించే హేగ్ సదస్సు తన మార్గదర్శకాల్లో ఈ ప్రమాదాన్ని ప్రస్తావించింది. అపోస్టిల్ విషయానికి హామీ కాదని పత్రం మీదే రాయమని దేశాలను ప్రోత్సహిస్తోంది.

*మూడు: పుట్టిన చోటే అడగాలి.* ముద్రల జోలికి పోకుండా పట్టా ఇచ్చిన సంస్థనే నేరుగా అడిగే పద్ధతి ఇది. గల్ఫ్ దేశాల ఆరోగ్య నియంత్రణ సంస్థలు నర్సులు, వైద్యుల అర్హతలను డేటాఫ్లో అనే సంస్థ ద్వారా మూలసంస్థలోనే సరిచూస్తాయి. కెనడా వలసకు డిగ్రీని మదింపు చేసే డబ్ల్యూఈఎస్, ట్రాన్‌స్క్రిప్టును విశ్వవిద్యాలయం నేరుగా పంపాలని కోరుతుంది. జర్మనీ విద్యార్థి వీసాకు 2022 నవంబరు నుంచి, చదువు పత్రాలను పరిశీలించే ఏపీఎస్ సంస్థ ధ్రువపత్రం తప్పనిసరి చేసింది. 2023లో నకిలీ అడ్మిషన్ లేఖల వ్యవహారం బయటపడ్డాక కెనడా, ఆ ఏడాది డిసెంబర్ 1 నుంచి ప్రతి అడ్మిషన్ లేఖనూ కళాశాలతో సరిచూసుకోవడం మొదలుపెట్టింది. రెండో ప్రశ్నకు, అంటే రాసింది నిజమా అన్నదానికి, ఇప్పటివరకు చూసిన మూడింటిలో సూటిగా జవాబిచ్చే పద్ధతి ఇదొక్కటే. దీని బలహీనత వేరే చోట ఉంది. విశ్వవిద్యాలయం పరీక్షల విభాగం ఉత్తరానికి జవాబివ్వడం ఆలస్యమైతే అభ్యర్థి వీసా గడువు దాటిపోతుంది. తప్పు ఒకరిది, నష్టం ఇంకొకరిది.

*నాలుగు: కాగితం మానేసి రికార్డు చూపండి.* 2006లో మొదలైన ఎలక్ట్రానిక్ అపోస్టిల్ కార్యక్రమంతో ఈ వాదానికి ఊపు వచ్చింది. మన దేశంలో 2015లో డిజిలాకర్, 2017లో ఈ-సనద్ వచ్చాయి. ఈ-సనద్ ఆలోచన సరళమైనది. పత్రం ఇచ్చిన సంస్థ తన రికార్డును ఆన్‌లైన్‌లో ఉంచితే విదేశాంగ శాఖ దాన్ని చూసి ధ్రువీకరిస్తుంది, దరఖాస్తుదారు ఎక్కడికీ తిరగనక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్‌లో మీసేవ, 2019 అక్టోబర్ 2న మొదలైన గ్రామ సచివాలయాలు, 2025 జనవరిలో వచ్చిన 'మన మిత్ర' వాట్సాప్ సేవలు పత్రాలను డిజిటల్ సంతకంతో ఇస్తున్నాయి. ఇచ్చే చోట కాగితం తగ్గింది కానీ పుచ్చుకునే చోట సిరా సంతకం, గుండ్రని ముద్ర అడిగే అలవాటు పోలేదు.

ఈ నాలుగింటికీ అవతల ఐరోపా సమాఖ్య ఇంకో అడుగు వేసింది. జననం, వివాహం, మరణం వంటి పత్రాలకు సభ్యదేశాల మధ్య అపోస్టిల్ కూడా అక్కర్లేదని 2016లో చేసిన నిబంధన 2019 ఫిబ్రవరి 16 నుంచి అమల్లో ఉంది. అనుమానం వస్తే అధికారులు ఒక ఉమ్మడి ఎలక్ట్రానిక్ వ్యవస్థలో నేరుగా అడిగి తెలుసుకుంటారు. పౌరుడిని తిప్పే బదులు ప్రశ్నను తిప్పడమన్నమాట. భారత్‌లో అంతర్గతంగా ఇలాంటి మార్పే 2014 తరువాత వచ్చింది. చాలా దరఖాస్తులకు గెజిటెడ్ అధికారి అటెస్టేషన్ పోయి సొంత సంతకం సరిపోతోంది. సరిహద్దు దాటిన మరుక్షణం ఆ సౌలభ్యం మాయమవుతుంది.

పోల్చి చూస్తే

| పద్ధతి | తేల్చేది | వదిలేసేది | భారం ఎవరిది |
|---|---|---|---|
| గొలుసు, ఎంబసీ ముద్ర | కింది అధికారి సంతకం | పత్రంలోని విషయం | పూర్తిగా దరఖాస్తుదారుది |
| అపోస్టిల్ | సంతకం, హోదా, ముద్ర | పత్రంలోని విషయం | దరఖాస్తుదారుది, కొంత తక్కువ |
| మూలంలో విచారణ | పత్రంలోని విషయం | చూపించే మనిషి గుర్తింపు | రుసుము దరఖాస్తుదారుది, పని సంస్థది |
| డిజిటల్ రికార్డు | మూలం, రికార్డులో ఉన్న విషయం | రికార్డులోనే తప్పుంటే ఆ తప్పు | ఎక్కువగా సంస్థది |

మూడు ప్రశ్నలకూ పూర్తిగా జవాబిచ్చే వరుస ఈ పట్టికలో ఒక్కటీ లేదు. ఒక పద్ధతిని ఎత్తిపట్టి తక్కినవాటిని కొట్టేయడం అందుకే కుదరదు. వెల్డర్ల వంటి చేతిపనివాళ్ల విషయంలో సౌదీ అరేబియా కాగితాలను దాటి నేరుగా నైపుణ్య పరీక్ష పెడుతోంది. పట్టా చెప్పలేనిది చేయి చెబుతుందన్న ఈ ఆలోచన ధ్రువీకరణ చర్చలోకి ఇంకా సరిగా రాలేదు.

మొదటి లంకె: ఊళ్లోని రిజిస్టరు

పై మెట్ల గురించి ఎంత చర్చ జరిగినా, చాలా కేసులు ఆగిపోయేది అడుగు మెట్టు దగ్గర. 1969 జనన మరణాల నమోదు చట్టం వచ్చిన తరువాత కూడా పల్లెల్లో ఎన్నో జననాలు రిజిస్టరుకు ఎక్కలేదు. ఆ తరానికి టెన్త్ సర్టిఫికెట్టులోని తేదీయే పుట్టిన తేదీ. పిల్లవాణ్ని బడిలో వేసినప్పుడు మాస్టారు వేసిన అంచనా ముప్పై ఏళ్ల తరువాత విదేశీ కార్యాలయంలో ప్రశ్న అవుతుంది. 2023 సవరణ ప్రకారం ఆ ఏడాది అక్టోబర్ 1 నుంచి పుట్టిన వాళ్లకు జనన ధ్రువపత్రమే ఆధారం. రేపటి తరానికి ఇది మేలు. ఇప్పుడు విమానం ఎక్కుతున్న వాళ్లకు దీనితో ఒరిగేది తక్కువ.

పేర్ల చిక్కు తెలుగువారికి ప్రత్యేకం. టెన్త్ పత్రంలో ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా విప్పి ఉంటుంది, భార్య పెళ్లి పత్రంలో పుట్టింటి ఇంటిపేరుంటుంది, పిల్లల జనన పత్రంలో అత్తింటిది. ఇంటిపేరు ముందు రాసే ఆచారాన్ని చివర రాసే దేశాల దరఖాస్తులో ఇరికించినప్పుడు ఒకే మనిషి ఇద్దరిగా కనిపిస్తాడు. 'ఇద్దరూ ఒకరే' అన్న అఫిడవిట్టు అప్పుడు తప్పనిసరవుతుంది. ఏ ముద్రా జవాబివ్వని మూడో ప్రశ్న ఇదే.

సరిహద్దులు మారడం మరో చిక్కు. 1979 జూన్ 1కి ముందు విజయనగరం జిల్లా లేదు. అది అప్పటి శ్రీకాకుళం, విశాఖపట్నం జిల్లాల భాగాలతో ఏర్పడింది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మళ్లీ విడిపోయి పార్వతీపురం మన్యం వంటివి వచ్చాయి. పాత పత్రంలో ఒక జిల్లా, ఆధార్‌లో మరొకటి ఉన్నా రెండూ నిజమే. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయాక, హైదరాబాద్‌లోని ఉమ్మడి బోర్డు ఇచ్చిన పాత సర్టిఫికెట్టును ఏ రాష్ట్ర శాఖ ధ్రువీకరించాలన్న అయోమయం చాలామందికి ఎదురైంది. విజయనగరంలోని జేఎన్‌టీయూ కళాశాల 2022లో జేఎన్‌టీయూ గురజాడ విశ్వవిద్యాలయమైంది. పాత విద్యార్థుల పట్టాల మీద మాత్రం కాకినాడ విశ్వవిద్యాలయం పేరే ఉంటుంది. విదేశీ పరిశీలకుడికి ఈ చరిత్ర తెలియదు, తెలియాలని ఆశించడమూ న్యాయం కాదు. ఈ మార్పులను ఒక్క పేజీలో అధికారికంగా చెప్పే ధ్రువపత్రం ఉంటే ఎన్నో అఫిడవిట్లు తప్పుతాయి.

చిన్నదే అయినా తరచు ఎదురయ్యే ఇబ్బంది లామినేషన్. సర్టిఫికెట్టు చెడకుండా ప్లాస్టిక్ వేయించడం మన ఇళ్లలో జాగ్రత్తకు గుర్తు. మన దేశంలో అపోస్టిల్ స్టిక్కరు ఒరిజినల్ వెనుక అతికిస్తారు కాబట్టి ఆ జాగ్రత్తే అడ్డమవుతుంది.

ఎదురు దిశలో వచ్చే కాగితాలు

మన చర్చ ఎక్కువగా వెళ్లే కాగితాల గురించే సాగుతుంది. వచ్చేవాటి సమస్యలు మూడు రకాలు.

మొదటిది జీపీఏ. 1908 రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం విదేశంలో ఉన్న వ్యక్తి ఇచ్చే అధికారపత్రాన్ని నోటరీ, కోర్టు, మేజిస్ట్రేట్, భారత కాన్సులర్ అధికారి వంటి వాళ్లు ధ్రువీకరించాలి. స్టాంపుల చట్టం 18వ సెక్షన్ ప్రకారం అది భారత్‌కు చేరిన మూడు నెలల్లో స్టాంపు వేయించాలి. విదేశీ నోటరీ మాటను ఎంతవరకు తీసుకోవాలన్న దగ్గర పేచీ వస్తుంది. 1952 నోటరీల చట్టం 14వ సెక్షన్ పరస్పర గుర్తింపు ఉన్న దేశాల నోటరీల గురించే మాట్లాడుతుంది. అపోస్టిల్ ఉంటే ఆ లోటు తీరినట్టేనని ఒక పక్షం, కాన్సులేట్ ముద్ర ఉంటేనే నిశ్చింత అని మరో పక్షం. కోట్ల విలువైన భూమి చేతులు మారేచోట కొనేవాళ్లు, బ్యాంకులు జాగ్రత్త వైపే మొగ్గుతారు. అందువల్ల ఒప్పందం తీసేసిన మెట్టు వ్యవహారంలో మళ్లీ మొలుస్తుంది.

రెండోది విదేశీ వైద్య పట్టాలు. మన దేశంలో అర్హత పరీక్ష రాయడానికి ఆ పట్టాకు అక్కడి భారత రాయబార కార్యాలయం అటెస్టేషన్ గానీ, ఆ దేశపు అపోస్టిల్ గానీ ఉండాలి. మన విద్యార్థి పట్టాను విదేశం అనుమానిస్తే బాధపడే మనమే ఇక్కడ అనుమానించే స్థానంలో ఉన్నాం. ధ్రువీకరణను కేవలం పాత పాలనావాసనగా కొట్టిపారేసే వాళ్లు ఈ కోణాన్ని పట్టించుకోవాలి. రోగి ప్రాణంతో ముడిపడిన పట్టాను సరిచూడకుండా ఒప్పుకోమని ఎవరూ అడగలేరు.

మూడోది అన్నిటికంటే బాధాకరం. గల్ఫ్‌లో కార్మికుడు చనిపోతే అతనికి రావలసిన జీతం, పరిహారం కోసం ఇంటివాళ్లు వారసత్వ పత్రం, అధికారపత్రం సిద్ధం చేసి, తర్జుమా చేయించి, ధ్రువీకరించి పంపాలి. తహసీల్దారు కార్యాలయం నుంచి మొదలయ్యే ఈ నడక, ఇంట్లో సంపాదించే మనిషి పోయిన సమయంలో మీద పడుతుంది. వేగం అత్యంత అవసరమైన చోటే మెట్లు ఎక్కువగా ఉండడం ఈ వ్యవస్థలోని పెద్ద లోపం.

ఖర్చు ఎవరి నెత్తిన

ప్రభుత్వ రుసుములు కలిపి చూస్తే ఈ పని ఖరీదైనది కాదు. దూరం, అయోమయం కలిసి దాన్ని ఖరీదు చేస్తాయి. భోగాపురం నుంచి వెలగపూడిలోని రాష్ట్ర సచివాలయం సుమారు 400 కిలోమీటర్లు. ఎంబసీలు ఎక్కువగా ఢిల్లీలో ఉన్నాయి. విదేశాంగ శాఖ 2012 నుంచి వ్యక్తుల దగ్గర పత్రాలను నేరుగా తీసుకోవడం మానేసి అధీకృత సంస్థల ద్వారానే తీసుకుంటోంది. తరువాత హైదరాబాద్ సహా పలు నగరాల్లోని తన కార్యాలయాలకు ఈ పనిని విస్తరించింది. అధీకృత సంస్థకూ, వీధి చివర బోర్డు పెట్టిన ఏజెంటుకూ తేడా తెలియని వాళ్లు వందల్లో తేలే పనికి వేలు పోస్తున్నారు. అమెరికా వెళ్లే విద్యార్థికి సాధారణంగా అక్కర్లేని అపోస్టిల్‌ను కూడా 'ఎందుకైనా మంచిది' అని అంటగట్టే వ్యాపారం ఉంది.

దేశాల వారీగా చూస్తే అసమానత ఇంకా స్పష్టమవుతుంది. కెనడా, ఆస్ట్రేలియా వెళ్లే చదువుకున్న కుటుంబాలకు ఒక్క ముద్రతో సరిపోతోంది. కువైట్, ఖతార్ వెళ్లే కార్మికుడికి గొలుసు మొత్తం తప్పడం లేదు. తక్కువ సంపాదించేవాడే ఎక్కువ మెట్లు ఎక్కుతున్నాడు.

రాష్ట్రం ఏం చేయగలదో చెప్పడానికి కేరళ ఉదాహరణ ఉంది. అక్కడ ప్రవాసుల కోసం పనిచేసే ప్రభుత్వ సంస్థ నోర్కా రూట్స్, రాష్ట్ర విద్యాశాఖ ధ్రువీకరణ, అపోస్టిల్, కొన్ని గల్ఫ్ ఎంబసీల అటెస్టేషన్‌ను ఒకే కిటికీ దగ్గర అందిస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రవాసాంధ్రుల కోసం ఉన్న ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీ కూడా సర్టిఫికెట్ల అటెస్టేషన్ సేవ ఇస్తోంది. అయితే గల్ఫ్ వలసలు దట్టంగా ఉన్న ఉద్దానం పల్లెకు ఏజెంటు ఉన్నంత దగ్గరగా ఆ సేవ లేదు.

ఇంకా తేలనివి

కొన్ని ప్రశ్నలకు ఏ పక్షం దగ్గరా పూర్తి జవాబు లేదు. మొదటిది, డిజిటల్ సంతకంతో వచ్చిన పత్రాన్ని ముద్రించి ఇచ్చినప్పుడు దాన్ని ఒరిజినల్ అనాలా, నకలు అనాలా? దేశానికో తీరుగా ఉంది. రెండోది గోప్యత. విదేశీ యజమాని మన రికార్డును నేరుగా చూడగలిగితే అతనికి ఎంత కనిపించాలి? కాగితమైతే ఒక్క పత్రమే చూపుతుంది, తలుపు తెరిచిన డేటాబేసుకు ఆ హద్దు లేదు. మూడోది బాధ్యత. ముద్రపడిన పత్రం తప్పని తేలితే నష్టపోయిన వారికి ఎవరు జవాబుదారీ? గొలుసులో ప్రతి అధికారీ తన ముందున్న సంతకానికే బాధ్యుడు కాబట్టి మొత్తానికి ఎవరూ బాధ్యులు కారు. నాలుగోది అపోస్టిల్ భవిష్యత్తు. మూలంలో విచారణ అందరికీ తప్పనిసరైతే దాని పక్కన అపోస్టిల్ ఎందుకు? ఈ రెండూ అడిగే సంస్థలు ఇప్పటికే ఉన్నాయి. కొత్త పద్ధతి పాతదాన్ని తొలగించే బదులు దాని మీద పేరుకుపోవడం ఇక్కడి అసలు ప్రమాదం.

తూచి చూస్తే

మూడు ప్రశ్నలను విడదీసి ఒక్కోదానికి తగిన చోట జవాబు వెతకడమే మేలైన దారి. కాగితం ఎక్కడిదో తేల్చడానికి అపోస్టిల్ చాలు, దాని మీద ఎంబసీ ముద్ర అదనపు నిజాన్ని చేర్చదు. యూఏఈ, కువైట్, ఖతార్‌లు ఒప్పందంలోకి రావడం భారత దౌత్యం పట్టుబట్టవలసిన విషయం, ఎందుకంటే దాని వల్ల బాగుపడేవాళ్లు అత్యంత పేద వలసకూలీలు. విషయం నిజమా అన్న ప్రశ్నను డాక్టరు, నర్సు, ఇంజనీరు పట్టాల వంటి అవసరమైన చోట్ల మూలంలోనే అడగాలి. విశ్వవిద్యాలయాలు జవాబివ్వడానికి గడువు విధించాలి, గడువు దాటితే అభ్యర్థికి నష్టం కలగని ఏర్పాటు ఉండాలి. మనిషీ కాగితమూ ఒకటేనా అన్నది ఢిల్లీలో తేలే సంగతి కాదు. పేరు, పుట్టిన తేదీ, జిల్లా మార్పు, ఇంటిపేరు వివరణ గ్రామ సచివాలయం స్థాయిలో సరిచేసి ఇచ్చే పని.

ధ్రువీకరణకు ఇప్పటివరకు పెట్టిన శ్రద్ధంతా చివరి ముద్ర చుట్టూ తిరిగింది. సంస్కరణ డబ్బు, సిబ్బంది, శిక్షణ మొదటి రిజిస్టరు వైపు మళ్లనంత కాలం, పైన ఎన్ని మెట్లు తగ్గించినా కేసులు కిందనే ఆగుతాయి. ఈ విషయంలో హేగ్ కోసం, గల్ఫ్ ఎంబసీల కోసం ఎదురుచూడనక్కర్లేదు. ఆ రిజిస్టరును రాసేదీ, దిద్దేదీ మన రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులే.